తెలుగు మీడియం బీఎస్సీతో థియరిటికల్ పార్టికల్ ఫిజిక్స్‌లోకి వెళ్లొచ్చా? వెళ్తే బతుకు ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న టూకీగా ఇదీ. ఒంగోలు దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ రెండో ఏడాది, ఇంటర్ దాకా తెలుగు మీడియం, నాన్నగారికి చిన్న టైలరింగ్ షాపు. హిగ్స్ బోసాన్ అనే కణం మీద వీడియోలు చూసి చూసి, ప్రకృతిలోని అతి చిన్న కణాల గురించి లెక్కకట్టే థియరిటికల్ పార్టికల్ ఫిజిక్స్ చెయ్యాలని పట్టుకుంది. మేనమామ మాత్రం "ఎంసీఏ చెయ్యరా, రెండేళ్లలో ఒడ్డున పడతావు" అంటున్నారు. ఐఐటీలో చదవకుండా ఇటు రావచ్చా, ఎన్నేళ్లు పడుతుంది, చివర్లో ఉద్యోగం ఉంటుందా, అసలు ఈ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారు అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. రావచ్చు. ఐఐటీ అక్కర్లేదు. ఈ రోజు నుంచి లెక్క వేస్తే పర్మనెంట్ ఉద్యోగం దాకా పధ్నాలుగు, పదిహేనేళ్లు అనుకోండి, ఆ ఉద్యోగం వస్తుందని నేనే కాదు, ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఎక్కువమందికి రాదు. అయినా రమ్మనే అంటాను, ఒక్క షరతు మీద: దీనికోసం అప్పు మాత్రం చెయ్యకండి. ఎంఎస్సీకి మంచి చోట సీటు రావాలి, పీహెచ్‌డీకి ఫెలోషిప్ రావాలి. ఈ రెంటిలో ఏది రాకపోయినా ఆ మెట్టు దగ్గరే ఆగిపోయి మామయ్యగారి మాట విన్నా పెద్దగా పోయేదేమీ లేదు.

నా గురించి రెండు ముక్కలు చెప్తే నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకుంటారు. మాది తెనాలి దగ్గర ఊరు. నేనూ తెలుగు మీడియమే, డిగ్రీ మామూలు కాలేజీలోనే. 2003లో ఎంఎస్సీ అయ్యాక నెట్ (ఫెలోషిప్ కోసం రాసే జాతీయ అర్హత పరీక్ష) రాసి పీహెచ్‌డీలో చేరాను. 2009 నుంచి ఇటలీలో రెండేళ్లు, జర్మనీలో మూడేళ్లు, తిరిగొచ్చి ఇక్కడ రెండేళ్లు పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) తిరిగి 2016లో ఒక ప్రభుత్వ విద్యాసంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. అప్పటికి నాకు 35 నిండాయి. నేను పనిచేసేది న్యూట్రినోలు అనే అతి తేలిక కణాల ద్రవ్యరాశి గురించి. కణాలన్నీ సన్నటి తీగల కంపనాలే అనే స్ట్రింగ్ థియరీ వాళ్ల అనుభవం కొంచెం వేరుగా ఉంటుంది, అది వాళ్లనే అడగండి.

రోజంతా ఏం చేస్తాం

వీడియోల్లో నల్లబోర్డు ముందు నిలబడి విశ్వరహస్యం గురించి మాట్లాడేవాళ్లు కనిపిస్తారు కదా, అది ఏడాదికి నాలుగు రోజులు. మిగతా రోజులు ఇలా ఉంటాయి. పొద్దున్నే ఆర్కైవ్ చూస్తాం. పేపర్లు పత్రికల్లో రాకముందే అందరూ పెట్టే సైటు అది, 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టాడు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదికి కొత్త జాబితా వస్తుంది, అంటే మనకి వేసవిలో తెల్లవారి ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ జాబితా తెరిచేటప్పుడు నాకు కొంచెం టెన్షనే, మనం చేస్తున్న పని ఇంకెవరైనా పెట్టేశారేమోనని. నా మూడో పోస్ట్‌డాక్‌లో తొమ్మిది నెలలు చేసిన లెక్క సరిగ్గా అలాగే పోయింది. ఒకరోజు పొద్దున జాబితాలో రెండోదో మూడోదో పేపరు శీర్షిక చదవగానే గుండెలో రాయి పడింది, లోపలికి వెళ్లి చూస్తే మా సమీకరణాలే, గుర్తులు మాత్రమే వేరు. మాది ఇంకో నెలకి చిన్న పేపరుగా వచ్చింది, వాళ్లు చెయ్యని ఒక్క కేసు మిగిలి ఉంటే అది చేసి.

తర్వాత లెక్కలు. ప్రాథమిక కణాల గురించి స్టాండర్డ్ మోడల్ అనే ఒక సిద్ధాంతం ఉంది, 1970ల మధ్యకల్లా దాని రూపం స్థిరపడింది, ప్రయోగశాలల్లో చూసినవాటిలో దాదాపు అన్నిటినీ అది సరిగ్గా చెప్తుంది. న్యూట్రినోలకి ద్రవ్యరాశి ఎందుకుంది, కంటికి కనిపించకుండా గురుత్వంతో మాత్రమే తెలిసే డార్క్ మ్యాటర్ ఏమిటి, మామూలు పదార్థానికి ప్రతిరూపమైన యాంటీమ్యాటర్ విశ్వంలో ఎటు పోయింది, ఇలాంటివి మాత్రం చెప్పదు. నాలాంటివాళ్ల పని ఏమిటంటే, దానికి ఒక కొత్త కణాన్నో కొత్త సిమెట్రీనో (తిప్పినా మార్చినా సమీకరణాలు మారకపోవడం) కలిపి, "ఇలా ఉంటే ఏమవుతుంది" అని లెక్కకట్టడం. ఆ కొత్త కణం ఇప్పటికే కొలిచిన ఏ సంఖ్యనీ చెడగొట్టకూడదు, అదే అసలు కష్టం. మీరు ఒక చోట ముడి విప్పితే ఇంకో చోట బిగుసుకుంటుంది. ఫైన్‌మాన్ డయాగ్రమ్స్ (కణాలు ఒకదానితో ఒకటి ఎలా తలపడతాయో చూపే బొమ్మలు) గీయడం, వాటి నుంచి వచ్చే లూప్ ఇంటెగ్రల్స్ అనే పెద్ద లెక్కలు చెయ్యడం, చేత్తో చేసింది కంప్యూటర్‌తో సరిచూసుకోవడం, రెండూ కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడం. నిజం చెప్పాలంటే నా జీవితంలో ఎక్కువ గంటలు పోయింది ఈ వెతకడంలోనే. ఒక మైనస్ గుర్తు కోసం మూడు వారాలు వెతికిన సందర్భం ఉంది. దొరికాక చూస్తే తప్పు మాది కాదు, మేం నమ్మి వాడుకున్న పాత పేపరులో అచ్చుతప్పు.

మిగతా టైము విద్యార్థులతో, సెమినార్లతో, క్లాసులతో పోతుంది. ఫ్యాకల్టీ అయ్యాక కమిటీలు, హాస్టల్ నీళ్ల సమస్య మీద మీటింగులు కూడా ఉంటాయి, వాటి గురించి ఎవరూ వీడియో తియ్యరు.

ప్రయోగం ఒక్క రోజులో మీ పని తుడిచేస్తుంది

ఇది ఎవరూ ముందు చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. న్యూట్రినోలు మూడు రకాలు, ప్రయాణంలో ఒకటి ఇంకోటిగా మారుతుంటాయి. 1998లో జపాన్‌లో సూపర్ కామియోకాండే ప్రయోగం అది గట్టిగా చూపించింది, దానికే 2015లో నోబెల్ వచ్చింది. ఈ మారడాన్ని మూడు కోణాలతో వర్ణిస్తారు. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో రెండు కోణాలు పెద్దవని తెలుసు, మూడోది, తీటా-13 అంటాం, ఎంతో తెలియదు, చాలా చిన్నదని మాత్రం తెలుసు. కాబట్టి సున్నా అనుకుంటే ఎంత అందంగా ఉంటుందో! సున్నా అనుకుంటే మిగతా రెండు కోణాలు చక్కటి భిన్నాల్లో కూర్చుంటాయి. టెట్రాహెడ్రన్‌ని తిప్పితే వచ్చే సిమెట్రీ ఒకటుంది, ఏ-4 అంటారు, అందులో పన్నెండు మూలకాలు. దాన్ని న్యూట్రినోలకి వాడొచ్చని 2001లో ఎర్నెస్ట్ మా, చెన్నై మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లోని జి. రాజశేఖరన్ కలిసి రాశారు. ఆ తర్వాత దాని మీద పేపర్లు వరద. నేనూ ఆ వరదలో దిగాను. నా థీసిస్‌లో రెండు అధ్యాయాలు తీటా-13 సున్నా, లేదా సున్నాకి దగ్గర అనే మోడల్స్ మీదే.

2012 మార్చి 8న చైనాలోని దాయా బే ప్రయోగం ఫలితం చెప్పింది. ఆ కోణం సున్నా కాదు, దాదాపు తొమ్మిది డిగ్రీలు. అప్పుడు జర్మనీలో ఉన్నాను. మధ్యాహ్నం కాఫీ దగ్గర అందరూ సంతోషంగా ఉన్నారు, ఎందుకంటే ఆ కోణం పెద్దదైతే తర్వాత చెయ్యాల్సిన ప్రయోగాలు తేలికవుతాయి. నేను కూడా నవ్వాను. ఇంటికెళ్లి థీసిస్ తెరిచి చూసుకుంటే ఆ రెండు అధ్యాయాల్లో ఒకటి పూర్తిగా పోయింది, ఇంకోటి సవరిస్తే బతుకుతుంది. ముందు ఏడాది జూన్‌లోనే జపాన్ టీ2కే ప్రయోగం సూచన ఇచ్చింది, అయినా మనం ప్రేమించిన మోడల్‌ని అంత తొందరగా వదలం కదా.

ఇందులో ఎవరి తప్పూ లేదు, ఈ వృత్తి తీరే అంత. తప్పని తేలిన మోడల్ రాసినందుకు ఎవరూ మిమ్మల్ని తిట్టరు, కానీ అది మీరు ఉద్యోగాలకి దరఖాస్తులు పంపే ఏడాది జరిగితే నొప్పి వేరు. దీనికి తిరగేసిన కథ కూడా నా దగ్గరే ఉంది. 2015 డిసెంబరులో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో రెండు ప్రయోగాలు 750 జీఈవీ (కణాల ద్రవ్యరాశికి వాడే కొలత) దగ్గర ఏదో కొత్త కణం ఉన్నట్టు కొద్దిపాటి సంకేతం చూపించాయి. ప్రపంచంలో థియరిస్టులందరూ ఎగబడి కొన్ని వందల పేపర్లు రాశారు, మేం కూడా పండగ సెలవుల్లో కూర్చుని ఒకటి రాశాం. 2016 ఆగస్టుకి ఎక్కువ డేటా వచ్చేసరికి ఆ సంకేతం మాయం. లేని కణం మీద మూడు వారాల్లో రాసిన ఆ పేపరుకి, నేను రెండేళ్లు కూర్చుని రాసిన ఇంకో పేపరుకంటే ఎక్కువ సైటేషన్లు (వేరేవాళ్లు తమ పేపర్లలో చేసే ప్రస్తావనలు) ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు.

అందుకే నేను నా విద్యార్థులకి చెప్పేది: పీహెచ్‌డీని ప్రొఫెసర్ ఉద్యోగానికి మెట్టుగా చూడకండి, ఐదేళ్లు జీతమిచ్చి నేర్పించే ఉద్యోగంగా చూడండి. ఆ ఐదేళ్ల పని మీకు దానికదే ఇష్టమా, లేక చివర్లో వచ్చే కుర్చీ కోసం భరిస్తున్నారా? రెండోదైతే ఇప్పుడే మానెయ్యండి, ఎందుకంటే ఆ కుర్చీలు చాలా తక్కువ. పోస్ట్‌డాక్ దగ్గర కూడా ఇదే ప్రశ్న మళ్లీ వేసుకోవాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, "ఇక్కడితో ఆపేసినా ఈ కాలం వృథా కాదు" అనిపిస్తేనే ముందుకి అడుగు.

డబ్బు సంగతి

మీ నాన్నగారికి చెప్పాల్సింది ఇదే కాబట్టి అంకెలతో రాస్తాను. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం విడిగా. ఇది సకాలంలో పడుతుందా అంటే, కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది, అందుకని చేతిలో రెండు మూడు నెలల ఖర్చు ఎప్పుడూ ఉంచుకోవాలి. నేను చేరినప్పుడు ఫెలోషిప్ ఐదంకెలు కూడా లేదు, అయినా అందులోంచే ఇంటికి పంపేదాన్ని, హాస్టల్ మెస్ చవక కాబట్టి కుదిరింది. పీహెచ్‌డీ అయ్యాక ఇక్కడే రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే 58,000 నుంచి 67,000 మధ్య. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ దొరికితే నెలకి 1,25,000, ఐదేళ్లు, కానీ పోటీ విపరీతం. ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ వన్ మూల వేతనం 1,01,500 దగ్గర మొదలు, సెంట్రల్ యూనివర్సిటీల్లో 57,700, రెండు చోట్లా డీఏ వగైరా అదనం. మీ క్లాసులో ఎంసీఏ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో కుదురుకున్నవాడు మీకు 35 వచ్చేసరికి ఇల్లు కొని ఉంటాడు. ఆ పోలిక మిమ్మల్ని తినేసే రకం మనిషైతే చాలా ఆలోచించుకోండి. నేను తేలిగ్గా తీసుకున్నానని చెప్పను, తమ్ముడి గృహప్రవేశానికి జర్మనీ నుంచి టికెట్ కొనలేక వెళ్లలేదు.

పోస్ట్‌డాక్ ఏళ్లు

పీహెచ్‌డీ కంటే ఇవే కష్టం. ప్రతిసారీ రెండేళ్లో మూడేళ్లో కాంట్రాక్టు, ఒక ఊళ్లో కుదురుకునేలోపే తర్వాతదానికి అప్లై చెయ్యాలి. దరఖాస్తుల సీజన్ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. మా కాలంలో జనవరి 7 అని ఒక గడువు ఉండేది, ఆ తేదీకి ముందే "ఒప్పుకుంటావా లేదా" అని ఒత్తిడి చెయ్యకూడదని ప్రపంచంలోని చాలా గ్రూపుల మధ్య ఒప్పందం. అందుకే ఆ రోజు సాయంత్రం అందరం ఈమెయిల్ ముందే. పెద్ద ఆఫర్ దొరికినవాడు చిన్న ఆఫర్ వదులుతాడు, అది ఇంకొకరికి వెళ్తుంది, వాళ్లు వదిలింది ఇంకొకరికి, గంటల్లో గొలుసు కదిలిపోతుంది. నా రెండో పోస్ట్‌డాక్‌కి అరవై పైగా దరఖాస్తులు పంపాను. రెండు ఆఫర్లు వచ్చాయి, రెండూ జనవరి 7 దాటాకే, అంటే నాకంటే ముందున్నవాళ్లు వదిలేస్తేనే.

ఇక్కడ మీ మార్కుల కంటే రికమండేషన్ లెటర్లు ముఖ్యం. మూడు కావాలి, అందులో కనీసం ఒకటి మీ గైడ్ కాని మనిషి రాయాలి. అందుకే పీహెచ్‌డీలో ఉండగానే వేరేచోటి మనుషులతో ఒకట్రెండు పేపర్లు చెయ్యండి. మా రంగంలో ఆథర్ల పేర్లు ఆల్ఫాబెట్ వరసలో ఉంటాయి, ఎవరు ఎంత పని చేశారో పేరు చూసి తెలియదు, లెటరే చెప్పాలి. నా ఇంటిపేరు ఇంగ్లీషు 'వి'తో మొదలవుతుంది కాబట్టి ఎప్పుడూ చివర్లోనే. ఒక ఇంటర్వ్యూలో కెమిస్ట్రీ పెద్దాయన ఒకాయన (వాళ్లలో ముఖ్యంగా పని చేసినవాళ్ల పేరే ముందుంటుంది) నా జాబితా అంతా తిరగేసి "ఒక్క పేపర్లో కూడా మీరు ఫస్ట్ ఆథర్ కాదే" అన్నారు. ఆల్ఫాబెట్ సంగతి వివరించాను. "అయితే ఒక్కదాన్లో అయినా ఉండాలి కదా" అన్నారు. ఆ ఉద్యోగం రాలేదనుకోండి.

పెళ్లి విషయం కూడా చెప్తాను, అబ్బాయిలైనా అమ్మాయిలైనా. పెళ్లిచూపుల్లో "అమ్మాయి ఏం చేస్తుంది" అంటే మా అమ్మ "పోస్ట్‌డాక్" అనేది. "ఇంకా చదువుతూనే ఉందా" అనేవాళ్లు. ఒక పెద్దాయన "ఈ పార్టికిల్ చదువుకి బీహెచ్ఈఎల్‌లో తీసుకుంటారా" అని అడిగాడు, పాపం మంచి ఉద్దేశంతోనే. చివరికి నా భర్త కూడా రీసెర్చ్ మనిషే అయ్యారు, కెమిస్ట్రీ. ఇద్దరికీ ఒకే ఊళ్లో ఉద్యోగం దొరకడానికి ఆరేళ్లు పట్టింది. అందులో మూడేళ్లు ఆయన ఒక దేశంలో, నేను ఒక దేశంలో. పాప పుట్టాక ఒక ఏడాది పేపరేమీ రాయలేదు, ఆ ఖాళీ గురించి తర్వాత ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగారు. ఇప్పుడు కొంచెం మారింది, పూర్తిగా కాదు.

మధ్యలో ఆగిపోయినవాళ్లు

నా పీహెచ్‌డీ బ్యాచ్‌లో హై ఎనర్జీ థియరీ, అంటే ఈ రంగం వాళ్లం ఆరుగురం. ఇప్పుడు ఫ్యాకల్టీలో ఇద్దరం. ఒకతను లండన్‌లో బ్యాంకుకి రిస్క్ లెక్కలు చేస్తాడు, ఇద్దరు బెంగళూరు, హైదరాబాద్‌లో డేటా సైన్స్, ఒకావిడ డిగ్రీ కాలేజీలో లెక్చరర్, మా అందరిలోకీ బాగా పాఠం చెప్పేది ఆవిడే. ఎవరూ రోడ్డున పడలేదు. కానీ తేలిగ్గా బయటికి వెళ్లింది కోడింగ్ బాగా వచ్చినవాళ్లే, చేతి లెక్కలు తప్ప ఇంకేమీ నేర్చుకోనివాళ్లకి ఏడాది రెండేళ్లు కష్టమైంది. కాబట్టి పైథాన్ ఇప్పుడే మొదలెట్టండి, ఇది మామయ్యగారికి కూడా నచ్చే సలహా.

థియరీలో ఒక మంచి సంగతి ఏమిటంటే ల్యాబ్ అక్కర్లేదు. స్ట్రింగ్ థియరిస్టు అశోక్ సేన్ అలహాబాద్‌లోని హరీష్ చంద్ర ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పనికి 2012లో 30 లక్షల డాలర్ల ఫండమెంటల్ ఫిజిక్స్ ప్రైజ్ వచ్చింది. అలా అని ప్రయోగాలతో మనకి సంబంధం లేదనుకోవద్దు. 1965లో మన చిత్తూరు జిల్లా సరిహద్దుకి దగ్గర్లోనే, కోలార్ బంగారు గనుల లోతున, కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టే న్యూట్రినోలని పట్టుకున్నారు, ప్రపంచంలో మొదటిసారి చూసినవాళ్లలో వాళ్లున్నారు. ఆ గనులు మూతపడ్డాయి. దానికి వారసురాలిగా తమిళనాడు తేని జిల్లాలో న్యూట్రినో అబ్జర్వేటరీ కట్టాలని 2015లో కేంద్రం దాదాపు 1,500 కోట్లకి ఆమోదం ఇచ్చింది, పర్యావరణ అభ్యంతరాలు, కేసులు, రాజకీయాలతో అది కొండ దగ్గరే ఆగిపోయింది. దాన్ని నమ్ముకుని పీహెచ్‌డీ అంశం ఎంచుకున్న పిల్లల్ని నేనెరుగుదును. అంశం ఎంచుకునేటప్పుడు "ఈ పదేళ్లలో నిజంగా డేటా ఎక్కడి నుంచి వస్తుంది" అని అడగండి, గైడ్‌కి కోపం వచ్చినా సరే.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది

మూడో ఏడాదిలో ఐఐటీ జామ్ (ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష) రాయండి, నోటిఫికేషన్ సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో, పరీక్ష ఫిబ్రవరిలో. ఐఐటీలే కాకుండా బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా అదే దారి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ పరీక్ష. ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో, జెస్ట్ (చాలా పరిశోధన సంస్థలు కలిసి పెట్టే ప్రవేశ పరీక్ష) ద్వారా బీఎస్సీ వాళ్లు చేరగలిగే కోర్సులు కొన్ని ఉన్నాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. ఎంఎస్సీ అయ్యాక నెట్, గేట్, జెస్ట్ మూడూ రాయాలి. కాలేజీ సిలబస్ మీద ఆధారపడితే లాభం లేదు, లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ ఎనాలిసిస్, క్లాసికల్ మెకానిక్స్, క్వాంటం మెకానిక్స్ ఈ నాలుగూ సొంతంగా గట్టిగా పట్టండి. పార్టికల్ ఫిజిక్స్ లెక్కలన్నీ నడిచే క్వాంటం ఫీల్డ్ థియరీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పునాది లేకుండా దాన్లోకి దూకి మాటలు నేర్చుకుని లెక్క రాకుండా మిగిలిపోయినవాళ్లని ప్రతి ఏటా ఇంటర్వ్యూల్లో చూస్తుంటాను.

ఇంటర్వ్యూ అన్నాను కాబట్టి నాది చెప్తాను. పీహెచ్‌డీ కోసం మొదట వెళ్లిన చోట బోర్డు మీద ఒక పొటెన్షియల్ గీసి, దీంట్లో గ్రౌండ్ స్టేట్ (అతి తక్కువ శక్తి ఉన్న స్థితి) వేవ్ ఫంక్షన్ ఎలా ఉంటుందో చేత్తో గీయమన్నారు. లెక్క ఏమీ అక్కర్లేదు, ఆకారం చాలు. నాకు హైడ్రోజన్ పరమాణువు మొత్తం కంఠతా వచ్చు, అది మాత్రం గీయలేక నీళ్లు నమిలాను. మన డిగ్రీ చదువుల్లో డెరివేషన్ బట్టీ పట్టిస్తారు, బొమ్మ గీయమనరు. ఆ రిజెక్షన్ తర్వాత రెండు నెలలు ఏ ప్రశ్న చూసినా ముందు గ్రాఫ్ గీసి, జవాబు ఎంత ఉండొచ్చో అంచనా వేసి, తర్వాతే లెక్క చేశాను. రెండోచోట తీసుకున్నారు.

తెలుగు మీడియం గురించి భయపడకండి. ఇంటెగ్రల్‌కి మీడియం లేదు. మాట్లాడటం మాత్రం నేర్చుకోవాలి, నా మొదటి సెమినార్‌లో వాక్యాలన్నీ కాగితం మీద రాసుకుని చదివాను, ప్రశ్న అడిగితే అర్థమయ్యేది కానీ జవాబు నోటికి వచ్చేది కాదు. ఏడాదిలో పోయింది. స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, బోర్డు దగ్గర నిలబడి వారానికి ఒక పాఠం ఇంగ్లీషులో చెప్పండి, చాలు.

చివరగా, ఇది మీకు నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి నేను మా దగ్గరికి వచ్చే బీఎస్సీ పిల్లలకి ఇచ్చే పని ఒకటి ఇస్తాను. హార్మోనిక్ ఆసిలేటర్ (స్ప్రింగుకి కట్టిన కణం లాంటిది) పొటెన్షియల్ ఎనర్జీకి లామ్డా ఇంటూ ఎక్స్ పవర్ 4 అనే చిన్న పదం కలపండి. హెచ్-బార్, ద్రవ్యరాశి, ఫ్రీక్వెన్సీ అన్నీ ఒకటి అనుకోండి. గ్రౌండ్ స్టేట్ ఎనర్జీ ఎంత మారుతుందో పెర్టర్బేషన్ థియరీతో (చిన్న మార్పు ప్రభావాన్ని మెట్టుమెట్టుగా లెక్కకట్టే పద్ధతి) రెండో ఆర్డర్ దాకా చేత్తో చెయ్యండి. మొదటి ఆర్డర్ లామ్డా ముందు 3/4, అది పది నిమిషాల్లో వస్తుంది. రెండో ఆర్డర్ లామ్డా స్క్వేర్ ముందు -21/8 రావాలి. ఒక ఆదివారం పట్టొచ్చు. రెండు స్టేట్స్ నుంచి వాటాలు వస్తాయి, ఒకటి మర్చిపోతారు, అందరూ మర్చిపోతారు. ఓపికుంటే మూడో ఆర్డర్ 333/16. ఇక్కడ ఆగి ఆ సంఖ్యలు చూడండి: ఒకటి కంటే తక్కువ, రెండున్నర పైన, ఇరవై పైన. ప్రతి కరెక్షన్ ముందుదానికంటే పెద్ద సంఖ్యతో వస్తోంది, ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది కూడా ప్రతిసారీ పెరుగుతూనే పోతుంది, అందుకే లామ్డా ఎంత చిన్నదైనా ఈ శ్రేణి చివరికి ఎక్కడా కుదురుకోదు. అయినా మొదటి కొన్ని పదాలు మాత్రం సరైన జవాబుకి దగ్గరగానే వస్తాయి. ఇదెలా సాధ్యం అని మీకు ఆ రాత్రి నిద్ర పట్టకపోతే మామయ్యగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. -21/8 రాకపోతే, మీరు చేసిన పేజీ ఫోటో ఇక్కడే పెట్టండి, ఏ వాటా జారిపోయిందో చూసి చెప్తాను.